రెండు పట్టికలు ఒక్కటేనా?
(పైథాను భాషలోని పరీక్షావాక్యములను గూర్చి)

పరీక్ష యనగానే మన విద్యార్థులకు మార్చి మాసము జ్ఞప్తికి వచ్చును. అయితే కంప్యూటరునకు వ్రాసిన ప్రోగ్రాములకు సైతము పరీక్షలు గలవని పై తరగతులవా రెఱుగుదురు. ప్రోగ్రాము వ్రాసినవాడే దానితోబాటు చిన్న చిన్న పరీక్షలను గూడ వ్రాసి యుంచును. ఈ లెక్క నిచ్చిన యెడల ఈ జవాబు రావలెను అను వాక్యము అందుండును. యంత్రము ఆ లెక్కను చేసి, వచ్చిన జవాబును రావలసిన జవాబుతో సరిచూచి, రెండును ఒక్కటియైన యెడల ఉత్తీర్ణమనియు, కాని యెడల తప్పినదనియు తెలుపును. ఇట్లు సరిచూచు వాక్యమునకు అసర్షను అని పేరు. మనము దీనిని పరీక్షావాక్యమని పిలుచుకొందము.

సంఖ్యల విషయమున ఇందు చిక్కేమియు లేదు. రావలసినది ఏడు, వచ్చినది ఏడు, అంతటితో సరి. కాని రావలసినది ఒక సంఖ్య గాక పేర్ల పట్టిక యైనప్పుడు, రెండు పట్టికలు ఒక్కటే యనుటకు అర్థమేమి?

ఒక బోర్డింగులో ఫీజు రాయితీ పొందవలసిన పిల్లల పట్టికను ఒక ప్రోగ్రాము తయారు చేయుచున్నదనుకొందము. రావలసిన పేర్లు నాలుగు: మేరీ, రూతు, దావీదు, మేరీ. మొదటి మేరీ ఆఱవ తరగతి. రెండవ మేరీ తొమ్మిదవ తరగతి. మన బడులలో ఒకే పేరుగల పిల్లలు ఇద్దఱు ముగ్గు రుండుట వింత గాదు. ప్రోగ్రాము తెచ్చిన పట్టికలో మాత్రము దావీదు, మేరీ, రూతు అని మూడు పేర్లే యున్నవి. అయినను పరీక్ష ఉత్తీర్ణమని తేలినది! పరీక్ష తప్పి యుండిన యెడల వ్రాసినవాడు ఆ పూటనే తన తప్పును దిద్దుకొని యుండును. ఉత్తీర్ణమైనందున ఎవరును వెనుకకు తిరిగి చూడరు. ఒక మేరీ తండ్రి ఆఫీసు గది యెదుట నిలిచి, మా పిల్ల పేరు లేదేమండీ యని యడుగు దినము వఱకు సంగతి బయటపడదు. ఇట్టిది ఎట్లు సంభవించునో, ఏ వాక్యము వ్రాసిన సంభవింపదో యిచట వివరించెదను.

పైథాను భాషను నెదర్లాండ్సు దేశస్థుడగు గీడో వాన్ రోసమ్ నిర్మించి 1991 వ సంవత్సరమున లోకమునకు విడిచెను. పేరును బట్టి కొండచిలువను తలంచువారు చాలమంది గలరు గాని, ఆయన దానిని మాంటీ పైథాన్ అను హాస్యబృందపు టెలివిజను ప్రదర్శన నుండి తీసికొనెను. ఈ భాషతో గూడ వచ్చు పరీక్షా పరికరమునకు యూనిట్‌టెస్ట్ అని పేరు. దానిని వ్రాసినవాడు స్టీవ్ పర్సెల్. జావా భాషకై కెంట్ బెక్, ఎరిక్ గామా అనువారు చేసిన జేయూనిట్ అను పరికరము దీనికి మాతృక. 2001 వ సంవత్సరమున వెలువడిన పైథాను 2.1 నుండియు నిది భాషలో నంతర్భాగమై యున్నది. ఇందలి పరీక్షావాక్యములలో మొదట నేర్పబడునది అసర్ట్ ఈక్వల్. ఇవి రెండును సమానములని నిశ్చయించుచున్నాను అని దాని భావము.

పైథానులో వస్తువులను కూర్చి యుంచుటకు పాత్ర లనేకములు గలవు. లిస్టు అనునది వరుసగల పట్టిక. దానిలో చేర్చవచ్చును, తీసివేయవచ్చును. టపుల్ అనునదియు వరుసగలదే గాని, ఒకసారి కట్టిన పిమ్మట మార్ప వీలు లేదు. సెట్టు అనునది గణితములోని సమితి వంటిది. అందు వరుస లేదు, ఒకే వస్తువు రెండుమార్లు నిలువదు. డిక్షనరీ అనునది పేరునకు ఎదురుగా విలువను వ్రాసి యుంచు మార్కుల పుస్తకము వంటిది.

అసర్ట్ ఈక్వల్ తనంతట తాను తీర్పు చెప్పదు. పైథాను భాషలోని సమాన చిహ్నము ఏమి చెప్పునో దానినే పలుకును. ఆ చిహ్నమో, పాత్రకొక ధర్మమును పాటించును. రూతు, దావీదు అను రెండు పేర్లు అదే వరుసలో లిస్టునందును టపుల్‌నందును ఉన్నను, ఆ రెండును సమానములు గావు. పాత్ర వేఱు గనుక పరీక్ష తప్పును. సరే, పాత్ర ఒక్కటిగా నుండవలెనన్నది నియమము కాబోలునని మనము తలంతుము. అంతలో సెట్టును, మార్పరాని సెట్టైన ఫ్రోజన్‌సెట్టును తెచ్చి పోల్చిన యెడల, పాత్రలు వేఱైనను సమానములే యని యదే వాక్యము పలుకును. మార్పదగినది, మార్పరానిది యను భేదమే రెండు చోటులను ఉన్నది. ఒక చోట అది తప్పు, వేఱొక చోట ఒప్పు.

పాత్రను లెక్కింపక వరుసను మాత్రము చూడవలెనన్నచో అసర్ట్ సీక్వెన్స్ ఈక్వల్ అను వేఱొక వాక్యము గలదు. దానికి లిస్టును టపుల్‌ను ఇచ్చిన నెగ్గించును. అసర్ట్ లిస్ట్ ఈక్వల్ అనునదియు గలదు. అదియైతే రెండవది లిస్టు కాదని మొదటనే త్రోసివేయును.

ఇపుడు మేరీల సంగతికి వత్తము. రాయితీ పట్టికలో పేర్ల వరుసతో మనకు పని లేదు. ఎవరు ముందున్నను డబ్బు ఒక్కటే. కావున వరుసను విడిచి పోల్చవలెను. ఇందుకై చాలమంది చేయు పని యేమనగా, రెండు పట్టికలను సెట్టులుగా మార్చి అసర్ట్ ఈక్వల్‌కు అప్పగించుట. సెట్టుగా మారిన క్షణముననే యిద్దఱు మేరీలు ఒక్కరగుదురు. రావలసిన నాలుగు పేర్లు మూడుగా మారును, వచ్చిన మూడు మూడుగానే యుండును, పరీక్ష నెగ్గును. లోపము ప్రోగ్రాములో మాత్రమే గాక దానిని పట్టుకొనవలసిన వలలోనే యున్నది.

ఈ పొరపాటు క్రొత్తవారు మాత్రమే చేయునది కాదు. 2009 వ సంవత్సరమున వెలువడిన పైథాను 3.1 లో అసర్ట్ సేమ్ ఎలిమెంట్స్ అను వాక్యమును పరికరమునందే చేర్చిరి. వస్తువు లవియే యని నిశ్చయించుట దాని పని. అయితే ఒక వస్తువు ఎన్నిమార్లు వచ్చినదో అది చూడదు. రెండు మేరీలకు బదులు ఒక మేరీ యున్నను దానికి సమ్మతమే. ఈ లోపమును గుర్తించి, 2010 వ సంవత్సరపు పైథాను 2.7 లో అసర్ట్ ఐటమ్స్ ఈక్వల్ అను పేరుతో మార్లను గూడ లెక్కించు వాక్యము నుంచిరి. 2011 వ సంవత్సరమున వచ్చిన 3.2 లో దాని పేరు అసర్ట్ కౌంట్ ఈక్వల్ అయ్యెను. మునుపటి సేమ్ ఎలిమెంట్స్ వాక్యమును వాడవలదని ప్రకటించిరి. మూడు సంవత్సరములలో మూడు పేర్లు! పాత పుస్తకమును చూచి వ్రాసినవాని పరీక్ష క్రొత్త యంత్రముపై నడువకపోవుటకు ఇదియొక కారణము.

చివరకు నిలిచిన పేరు నాకు సమ్మతము కాదు. కౌంట్ ఈక్వల్ అనగా సంఖ్య సమానమని ఇంగ్లీషు తెలిసిన యే పిల్లవాడైనను అర్థము చెప్పును. నాలుగు పేర్లకు ఎదురుగా వేఱు నాలుగు పేర్లున్నను నెగ్గవలెనని వాడు తలంచును. నిజమునకు ఆ వాక్యము చేయునది అది కాదు. ఒక్కొక్క వస్తువు మొదటి పట్టికలో ఎన్నిమార్లున్నదో రెండవదానిలో అన్నిమార్లే యుండవలెనని, వరుస మాత్రము ఎట్లున్నను సరియేనని దాని భావము. అనగా మేరీల రాయితీకి సరిగా కావలసిన వాక్యమిదియే. మంచి పనివానికి చెడ్డపేరు పెట్టినట్లున్నది. దీని నుపయోగించిన యెడల మేరీ రెండుమార్లుండవలసినది ఒకమారే యున్నదని ఎత్తిచూపి పరీక్ష తప్పించును.

అయితే ఈ మంచి పనివానికిని రెండు గ్రుడ్డి చోటులున్నవి. తనకిచ్చిన దానిని అది మొదట లిస్టుగా మార్చుకొని పిమ్మట లెక్కించును. డిక్షనరీని లిస్టుగా మార్చిన పేర్లు మాత్రమే మిగులును, విలువలు రాలిపోవును. కావున రూతునకు 90 మార్కులున్న పుస్తకమును, రూతునకు 19 మార్కులున్న పుస్తకమును ఇచ్చిన యెడల అసర్ట్ కౌంట్ ఈక్వల్ వానిని నెగ్గించును! పేరు ఒక్కటే గదా యని దాని వాదము. ఇదే రెంటిని అసర్ట్ ఈక్వల్‌కు ఇచ్చిన యెడల తప్పించును. రెండవ గ్రుడ్డిచోటు మాటల విషయము. మాటను లిస్టుగా మార్చిన అది అక్షరములుగా విడిపోవును. పలక అను మాటను కలప అను మాటతో పోల్చి చూడుడు. ప, ల, క అను మూడక్షరములే అటునిటు మారినవి. బడిపిల్లవాని చేతిలోని పలకయు, వడ్రంగి కొట్టులోని కలపయు ఆ వాక్యమునకు ఒక్కటే.

డిక్షనరీ ప్రస్తావన వచ్చినది గనుక మఱియొక విచిత్రమును చెప్పెదను. డిక్షనరీలోని పేర్లను మాత్రము చూపుమని కీస్ అను ఆజ్ఞతోను, విలువలను మాత్రము చూపుమని వాల్యూస్ అను ఆజ్ఞతోను అడుగవచ్చును. ఒకే డిక్షనరీ నుండి పేర్లను రెండుసారులు తీసి అసర్ట్ ఈక్వల్‌తో పోల్చిన, సమానములని నెగ్గును. ఒకే డిక్షనరీ నుండి విలువలను రెండుసారులు తీసి పోల్చిన, తప్పును! పేర్లకు సమితివలె పోల్చుకొను శక్తిని భాషలో కల్పించిరి, విలువలకు కల్పింపలేదు. కావున విలువల విషయమున, ఆ రెండును ఒకే చేతి సంచియా, రెండు వేర్వేఱు సంచులా అని మాత్రమే యంత్రము చూచును; లోపలి సరకును చూడదు. తప్పినప్పుడు అది ముద్రించు వాక్యము మఱింత నవ్వు పుట్టించును. ఎడమవైపున నున్నది కుడివైపున నున్నదానికి సమానము గాదని చెప్పుచు, రెండు వైపులను అచ్చముగా అవే యంకెలను చూపును. విద్యార్థి దానిని చూచి తన కన్నులనే శంకించుకొనును. విలువలను లిస్టులుగా మార్చి పోల్చిన నీ చిక్కు తీరును.

క్షేత్రగణితము చదివినవారికి యూక్లిడు చెప్పిన సామాన్యసూత్రములలో మొదటిది జ్ఞాపకముండును. ఒకే దానికి సమానములైన రెండు వస్తువులు తమలో తామును సమానములే యగును. ఈ సూత్రము లేనిదే మనము నల్లబల్లపై ఒక్క సమస్యను సాధింపజాలము. పైథానులో ఆర్డర్డ్ డిక్ట్ అను నొక డిక్షనరీ గలదు. అది తనలోని వరుసను ప్రధానముగా నెంచును. రూతు ముందు, దావీదు వెనుక వ్రాసిన ఆర్డర్డ్ డిక్ట్ నొకదానిని తీసికొనుడు. దావీదు ముందు, రూతు వెనుక వ్రాసినది వేఱొకటి. ఇరువురి మార్కులును రెంటిలోను అవే. ఈ రెంటిని ఒకదానితో నొకటి పోల్చిన వరుస వేఱు గనుక సమానములు గావు. కాని మొదటిదానిని మామూలు డిక్షనరీతో పోల్చిన సమానము; రెండవదానిని అదే మామూలు డిక్షనరీతో పోల్చినను సమానమే! మామూలు డిక్షనరీ సైతము 2018 వ సంవత్సరపు పైథాను 3.7 నుండి తనలో చేర్చిన వరుసను తప్పక నిలుపుకొనుచున్నది గాని, పోలికలో ఆ వరుసను లెక్కచేయదు. యూక్లిడు సూత్ర మిచట నిలువలేదు. ర్యాంకుల పట్టికను పరీక్షించువా డొకడు, రావలసిన జవాబును మామూలు డిక్షనరీగా వ్రాసి యుంచిన యెడల, ప్రథముడు ద్వితీయుడై తాఱుమాఱైనను పరీక్ష నెగ్గుచునే యుండును.

హాజరు పట్టికలో ఒకటి, సున్న అని వ్రాసినను, నిజము, అబద్ధము అను అర్థముగల ట్రూ, ఫాల్స్ అని వ్రాసినను పైథాను ఆ రెండు పట్టికలను సమానములుగానే యెంచును. ఇది యొక్కొక్కప్పుడు మేలే, ఒక్కొక్కప్పుడు కీడే. దీనిపై ఎక్కువ చెప్పను.

దశాంశముల సంగతి మాత్రము ఎక్కువ చెప్పవలసియున్నది. యంత్రము దశాంశ సంఖ్యలను తన రెండంకెల పద్ధతిలో దాచుకొనును గనుక, 0.1 ని 0.2 ను కూడిన సరిగా 0.3 రాదు, చివర నెచటనో ఒక నలుసు మిగులును. అందుచేత దశాంశములను పోల్చుటకు అసర్ట్ ఆల్మోస్ట్ ఈక్వల్ అను వాక్యము నుంచిరి. భేదమును ఏడు దశాంశస్థానములకు సవరించి చూచి, అది సున్నయైన యెడల నెగ్గించును. తరగతివారి సగటు మార్కుల పట్టిక నంతయు దీనికే యిచ్చిన నేమగును? రెండు పట్టికలును అణువంతయు భేదము లేక సరిపోయిన నెగ్గును. నలుసంత భేదమున్నను, దేనికొఱకై యీ వాక్యము పుట్టినదో ఆ పనియే చేయలేక, పట్టికనుండి పట్టికను తీసివేయుట తెలియదని మొఱ్ఱపెట్టి ఆగిపోవును. యూనిట్‌టెస్ట్ నెగ్గిన పరీక్షకు చుక్కను, తప్పినదానికి ఎఫ్ అను అక్షరమును, నడువనే నడువనిదానికి ఈ అను అక్షరమును ముద్రించును. ఇచట వచ్చునది ఈ.

అందుచేత పట్టికలోని సంఖ్యలను ఒక్కొక్క జతగా తీసి పోల్చుడని పుస్తకములు బోధించును. జతలు కట్టుటకు జిప్ అను సాధనము గలదు. ఇచటనే పెద్ద గుంట యున్నది. జిప్ చిన్న పట్టిక ముగియగానే తానును ముగించును. నలువదిమంది సగటులు రావలసియుండగా ముప్పదియైదు మాత్రమే వచ్చినను, ఆ ముప్పదియైదును సరిపోయినచో పరీక్ష నెగ్గును. తక్కిన ఐదుగురి నడుగువారు లేరు. ప్రోగ్రాము చెడి ఒక్క సగటు కూడ రాకపోయిన యెడల జతలే యుండవు, పోలికయే జరుగదు, అయినను చుక్క ముద్రింపబడును. ప్రశ్నపత్రమును తెఱువకయే విద్యార్థి ఉత్తీర్ణుడైనట్లు! 2021 వ సంవత్సరమున వచ్చిన పైథాను 3.10 నుండి జిప్‌నకు స్ట్రిక్ట్ అను నియమమును చేర్చవచ్చును. అప్పుడు పొడవులు సరిపోని యెడల అది నోరు తెఱచి చెప్పును. పాత యంత్రములపై పనిచేయువారు పొడవులను ముందుగా అసర్ట్ ఈక్వల్‌తో సరిచూచుకొనవలెను.

మఱియొక గుంట కూడ గలదు. అది పరికరపు దోషము కాదు గాని పట్టికల విషయమున మిక్కిలి హానికరము. అసర్ట్ ట్రూ అను వాక్యము ఒక్క వస్తువునే పరీక్షించును. దాని ప్రక్కన రెండవ వస్తువు నుంచిన యెడల, పరీక్ష తప్పినప్పుడు చూపవలసిన సందేశముగా దానిని భావించును. వచ్చిన పట్టికను, రావలసిన పట్టికను రెంటిని అసర్ట్ ట్రూ చేతిలో పెట్టినవాడు పోల్చితినని తలంచును. పైథానులో ఖాళీ గాని పట్టిక యేదైనను నిజముతో సమానముగా నెంచబడును గనుక, మొదటి పట్టికలో ఒక్క పేరున్నను చాలును, ఆ పరీక్ష యెన్నటికిని తప్పదు.

ఇన్ని విధముల పలుకు వాక్యములను చేసినవారు అజాగరూకులని యెవరును తలంపరాదు. అసర్ట్ ఈక్వల్ భాషయొక్క సమాన చిహ్నమునకు లోబడుటయే న్యాయము. లేనిచో ప్రోగ్రామునకొక సమత్వమును, పరీక్షకొక సమత్వమును ఏర్పడును. రెండు వైపుల నున్నవి రెండును సరిగా లిస్టులే యైనను, డిక్షనరీలే యైనను, అది లోలోపల ఆ జాతికి తగిన ప్రత్యేక వాక్యమును పిలిచి, ఏ స్థానమున భేదము వచ్చినదో విడదీసి చూపును. వంద పేర్లలో అఱువది మూడవ పేరు తప్పినదని వ్రేలు పెట్టి చూపుట పనివానికి ఎంత యుపకారమో చెప్పనక్కఱలేదు. పాత్రల జాతులు వేఱైన ఈ యుపకారము దొరకదు. నేడు చాలమంది వాడుచున్న పైటెస్ట్ అను వేఱొక పరికరములో వాక్యముల పేర్లు తక్కువ, తప్పును చూపు విధము మిక్కిలి సొంపైనది. అయినను అదియు అదే సమాన చిహ్నముపై నాధారపడును గనుక ఆర్డర్డ్ డిక్ట్ చిక్కు అచటను తప్పదు.

మా విద్యార్థులకు నేను చెప్పు పద్ధతి యిది. పరీక్షావాక్యమును వ్రాయుటకు ముందు, పట్టికను గూర్చి మూడు ప్రశ్నలు వేసికొని, జవాబులను ప్రోగ్రాములోనే వ్యాఖ్యగా వ్రాసి యుంచవలెను. వరుస ముఖ్యమా? ఒకే వస్తువు ఎన్నిమార్లు వచ్చినదో ముఖ్యమా? పాత్ర ఏ జాతిదో ముఖ్యమా? ర్యాంకుల పట్టికకు వరుస ముఖ్యము; లిస్టుగా మార్చి అసర్ట్ ఈక్వల్ వాడవలెను. రాయితీ పట్టికకు మార్లు ముఖ్యము. అసర్ట్ కౌంట్ ఈక్వల్ వాడవలెను. తరగతిలో ఎవరెవరికి ఏ భాష వచ్చునో తెలుపు పట్టిక నుండి భాషల పేర్లను మాత్రము తీయునప్పుడు వరుసయు వలదు, మార్లును వలదు. అచట సెట్టులే తగినవి. పిమ్మట, వ్రాసిన పరీక్షను నమ్ముటకు ముందు, ప్రోగ్రాములో నొక పేరును కావలెనని చెఱిపి పరీక్షను నడిపి చూడవలెను. అపుడు ఎఫ్ అక్షరము రాని యెడల ఆ పరీక్ష కాపలా కాయుటలేదు. పిల్లల పట్టికలలో పేర్లకు బదులు అడ్మిషను సంఖ్యలను వాడుట యన్నిటికంటె మేలు. ఇద్దఱు మేరీలకు ఒక పేరుండవచ్చును గాని ఒక సంఖ్య యుండదు.

కంప్యూటరు గదిలో సాధన చేయగోరువారికి రెండు సమస్యల నిచ్చుచున్నాను. మొదటిది: మేరీ, మేరీ, రూతు అను లిస్టును, రూతు, మేరీ, మేరీ అను టపుల్‌తో పోల్చుడు. రెండవది: మేరీ, రూతు, రూతు అను లిస్టును, మేరీ, మేరీ, రూతు అను లిస్టుతో పోల్చుడు. ఒక్కొక్క జతను అసర్ట్ ఈక్వల్, అసర్ట్ సీక్వెన్స్ ఈక్వల్, అసర్ట్ కౌంట్ ఈక్వల్, సెట్టులుగా మార్చి అసర్ట్ ఈక్వల్, ఈ నాలుగు విధముల పరీక్షించినచో ఎనిమిది తీర్పులు వచ్చును. అవి యేవియో యంత్రము నడుగుటకు ముందే కాగితముపై వ్రాసికొని, పిమ్మట నడిపి సరిచూచుకొనుడు.